ముప్పై దాటని బండి

ముప్పై. ముల్లు ముప్పై దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. కాలి కింద యాక్సిలరేటర్ ఎప్పుడో నేలకి ఆనింది, ఇంక తొక్కడానికేం లేదు, అయినా టిండ్రా తొక్కుతూనే ఉంది, తొక్కగా తొక్కగా బండికి జాలి పుడుతుందేమో అన్నట్టు. ఆరూ అయిదు. ఏడింటికి క్వారీ. మధ్యలో ముప్పై రెండున్నర కిలోమీటర్లు. పదహారేళ్ల పిల్లకి ఆ మాత్రం లెక్క రాదా, వచ్చింది కాబట్టే గుండె అలా కొట్టుకుంటోంది, ఏడూ పదికి చేరుతుంది, పది నిమిషాలు ఆలస్యం, అప్పటికి పందెం మొదలైపోయి అయిపోయి కూడా ఉంటుంది, మెల్కెర్ గాడి బండి క్వారీ దిగుడు రోడ్డు మీద పాత రంపపు మిల్లు దాకా దూసుకెళ్లి ఆగి ఉంటుంది. ఆగితే. ఆగకపోతే? ఆ బండి వెనక తొట్టెలో మైకెన్ ఉంటుంది, తన చెల్లెలు, పదమూడేళ్లది, పట్టుకోవడానికి ఒక ఇనుప కమ్మీ తప్ప ఇంకేం లేని తొట్టెలో. మైకెన్ ఫోన్‌లో పంపిన ఫొటో కళ్ల ముందునుంచి కదలడం లేదు, చాపిన రెండు కాళ్లు, పసుపు లేసుల బూట్లు, ఆ బూట్లు టిండ్రావే, అడక్కుండా వేసుకుపోయింది దొంగమొహంది, కింద రాత, 'ఏడింటికి నేను మెల్కెర్ వెనకాల. వస్తే చూడు, రాకపోతే మానెయ్.' మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. దిగు అని రాస్తే మాత్రం ఠక్కున జవాబు, 'ఏం, నువ్వు ఎక్కించుకోలేదా?' ఆ తర్వాత ఫోన్ కట్టేసింది. మెల్కెర్‌కి చేస్తే నవ్వాడు, పిరికి మొహమా, నువ్వు రా ముందు, అన్నాడు. ఆ ఫోన్ పెట్టేసి బండి కదిలించబోయేంతలో పక్క తలుపు తెరుచుకుని అమ్మ ఎక్కింది.

అమ్మ ఎక్కడమే వింత. ఉల్రికా గారు కూతురి ఎపాలో! ఎపా అంటే ఆవిడకి ఒళ్లుమంట, ఈ ఊళ్లలో పదిహేను నిండిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇదే పిచ్చి, పాత కారొకటి పట్టుకురావడం, వెనక సీట్లు పీకేసి తొట్టె పెట్టడం, కాగితాల్లో ట్రాక్టరని రాయించడం, వెనకాల నారింజరంగు త్రికోణం తగిలించి రోడ్డెక్కడం, ముప్పై దాటకుండా నడిపితే సర్కారుకి అభ్యంతరం లేదు, ముప్పై దాటకుండా ఎవరు నడుపుతారని మాత్రం ఎవరూ అడగరు. ఏడాదిగా ఒక్కసారి కూడా ఎక్కని అమ్మ ఇవాళే, సరిగ్గా ఇవాళే, కారు రిపేరుకిచ్చాను, నీతో వస్తానని పళ్ల డాక్టరు గారి ఆసుపత్రి మెట్ల మీద నిలబడింది, ఆవిడ పనిచేసేది అక్కడే. కాళ్ల దగ్గర శుక్రవారం సంచి, కైమా పెట్టుకుని తినే టాకో పెంకులు, దోసకాయ, పుల్లటి మీగడ డబ్బా. కుడిచెయ్యి కోటు జేబులో. ఎక్కినప్పటినుంచీ ఆ చెయ్యి బయటికి రాలేదు, లోపల ఏదో కాగితాన్ని నలుపుతూనే ఉంది, ఆ గరగర ఇంజను మోతలోంచి కూడా వినిపిస్తోంది, ఏం కాగితమో, కొట్టు రసీదో, చీదుకునే కాగితమో, ఆపవే అమ్మా అని అరవాలనుంది. అరిస్తే గొంతు వణుకుతుంది. వణికితే ఏమైంది అంటుంది. ఏమైంది అంటే?

వెనక అద్దంలో ఏడు కార్లు. కాదు, ఎనిమిది. ఓపికపట్టలేక ఒకడు హారన్ కొట్టాడు, ఒకడు దాటుకుపోతూ పిచ్చా నీకు అన్నట్టు నుదుటి మీద వేలితో పొడిచి చూపించాడు, మామూలు రోజైతే టిండ్రా కూడా రెండు చేతులతో ఏదో ఒకటి చూపించేది. ఇవాళ వాళ్లని చూస్తే అసూయ పుడుతోంది, ఎంత హాయిగా పోతున్నారో, తొంభైలో, వాళ్లలో ఎవరికీ క్వారీ దగ్గర పనిలేదు. "నీకు ఆకలేస్తోందా?" అంది అమ్మ. లేదు. రెండు కిలోమీటర్ల తర్వాత మళ్లీ నోరు తెరిచింది, మూసింది, తెరిచింది, "మీ లెక్కల టీచరు మారారా?" లేదు. ఇంకో రెండు పోయాక, "మంచు బాగా కరిగింది కదా ఈసారి." కరిగింది. కాలవలు పొంగుతున్నాయి, రోడ్డు పక్కన గోధుమరంగు గడ్డి మీద ఇంకా అక్కడక్కడ మురికిమంచు ముద్దలు, ఏప్రిల్ ఆఖరు, ఎండ ఇంకా ఎక్కడికీ పోలేదు, ఇలాంటి సాయంత్రం ఎవరికైనా బండెక్కాలని ఉంటుంది, మైకెన్‌కి ఉండదా. ఆరూ పద్దెనిమిది.

చెప్పెయ్. ఒక్క మాట. అమ్మా, మైకెన్ ప్రమాదంలో ఉంది. ఎంతసేపు, రెండు క్షణాలు. కానీ ఆ ఒక్క మాట వెనకాల గొలుసంతా ఊడి వస్తుంది, మైకెన్‌కి తొట్టె ఎక్కడం ఎవరు నేర్పారు, టిండ్రా. ముప్పైలో ఎక్కించిందా, కాదు, డెబ్బైలో. ముప్పై బండి డెబ్బై ఎలా పోయింది? అప్పుడు స్విచ్ బయటపడుతుంది. అది బయటపడితే అమ్మ అంటుంది, మీ నాన్న కట్టిన బండే కదా, చూసుకోవద్దూ అని. నాన్న అంటాడు, బజారు పనులకి నిన్ను ఈ బండిలో పంపే మీ అమ్మ చూసుకోవద్దూ అని. అయితే ఆ మాటలు ఒకరితో ఒకరు అనుకోరు. టిండ్రాతో అంటారు. వాళ్లింట్లో మాటలన్నీ టిండ్రా మీదుగానే పోవాలి, రెండేళ్లనుంచీ అంతే, తాత అంత్యక్రియలయ్యాక కాఫీ తాగే చోట వాళ్లిద్దరూ వరండాలోకి వెళ్లి ఏదో అనుకున్నారు, ఏమనుకున్నారో ఇప్పటికీ తెలియదు, లోపలికి వచ్చాక ఇంక మాట్లాడుకోలేదు. అరుపుల్లేవు, గిన్నెలు విసరడాల్లేవు, చూసినవాళ్లు ఎంత నెమ్మదైన సంసారమో అనుకుంటారు. "మీ నాన్నతో చెప్పు, బూట్లు గుమ్మంలో వదిలితే బయట పారేస్తానని." టిండ్రా గ్యారేజీకి వెళ్లి చెబుతుంది, నాన్నా, గుమ్మం తుడిచిందట అమ్మ, బూట్లు పక్కన పెట్టమంది. "మీ అమ్మతో చెప్పు, నేను ఆవిడ నౌకరుని కానని." టిండ్రా వంటింటికి వచ్చి చెబుతుంది, సరేనన్నాడు. రాళ్లు ఏరి బియ్యం పెట్టినట్టు ప్రతి మాటలోంచీ ముల్లు తీసేసి ఇస్తుంది. ఎన్ని వందల అబద్ధాలో, అన్నీ మంచివే. ఒక్కరోజు తను పొరపాటున అసలు మాట అందించిందంటే ఆ ఇల్లు ఉండదని ఆమెకి గట్టి నమ్మకం. శుక్రవారాలు ఊరంతా సోఫాల మీద ఒకరి మీద ఒకరు పడి టాకోలు తింటుంటారు కదా, వీళ్లూ తింటారు, నాన్న గ్యారేజీలో, అమ్మ టీవీ ముందు, మైకెన్ గదిలో తలుపేసుకుని. టిండ్రా వంటింట్లో నిలబడి తింటుంది, ఎందుకంటే నంజుకునే సల్సా పచ్చడి గిన్నె ఒకటే, అది ముగ్గురి మధ్యా తిరగాలి.

ఎవరికీ తెలియదు గానీ, ఆ స్విచ్ ఎత్తితే వచ్చే ఎనభై అంటే ఆమెకి ఎందుకంత ఇష్టమో ఆమెకి తెలుసు. కుర్రాళ్ల ముందు గొప్పకోసం కాదు, అదీ ఉంది అనుకోండి, కొంచెం. స్విచ్ స్టీరింగు పక్కన సిగరెట్ బూడిద పెట్టె కింద ఉంటుంది, చూపుడువేలి గోరంత, మెల్కెరే బిగించి ఇచ్చాడు మార్చిలో, వేగాన్ని అదిమిపెట్టే పెట్టెకి పోయే వైరుని అది తెంపుతుంది, వేలితో అలా ఎత్తగానే బండి ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటుంది, ముల్లు లేస్తుంది, నలభై, అరవై, ఎనభై, కిటికీలు దించితే గాలి చెవులు మూసేస్తుంది, అప్పుడు బుర్రలో ఎవరి మాటా ఉండదు. అమ్మతో చెప్పు ఉండదు, నాన్నతో చెప్పు ఉండదు. ఎవరికీ ఏమీ అందించక్కర్లేదు. పన్నెండు కిలోమీటర్ల పాటు ఆమె ఎవరి టపావాడూ కాదు. అలాంటి ఒక మధ్యాహ్నమే మైకెన్ నన్నూ నన్నూ అని ప్రాణం తీసింది, తొట్టెలో కూర్చోబెట్టుకుంది, వెనక అద్దం మీద ఒకసారి కొడితే ఆపు, మూడుసార్లు కొడితే ఇంకా జోరుగా, అని తనే నేర్పింది. ఆ పిల్ల మూడే కొట్టింది. మూడు, మళ్లీ మూడు, మళ్లీ మూడు. దిగాక మొహమంతా ఎర్రగా, జుట్టంతా చెదిరి, "అక్కా, లోపలంతా ఖాళీ అయిపోయిందే, భలే ఉంది" అంది. టిండ్రా పకపకా నవ్వింది ఆరోజు. దానికీ లోపల నిండి ఉందని, తలుపేసుకున్నా అన్నీ వినబడుతూనే ఉన్నాయని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది. ఇప్పుడు, ఈ ముప్పైలో, ఎనిమిది కార్లని వెనకేసుకుని పోతుంటే.

ఆరూ ఇరవై తొమ్మిది. ఇరవై కిలోమీటర్లకి ఇంకా కొంచెం ఎక్కువే. ఇక్కణ్ణుంచి చెరువు పొడుగునా తిన్నని రోడ్డు, వంకర లేదు, ఎదురుగా ఎవరూ లేరు, ఎనభైలో పోతే పావుగంట, ఆరూ ముప్పావుకల్లా క్వారీలో ఉంటుంది, మైకెన్‌ని చెవి పట్టుకుని దింపుతుంది. అమ్మ చూస్తుంది, చూడనీ. తిడుతుంది, తిట్టనీ. రేపట్నుంచి బస్సే గతి, సరే. ఇల్లు కూలుతుంది. కూలనీ అనడానికి మాత్రం నోరు రావడం లేదు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అద్దం మసకైందేమోనని వైపర్ వేసింది పిచ్చిది, వాన లేదు. అమ్మ వైపర్ వంక చూసింది. టిండ్రా వంక చూసింది. జేబులో గరగర ఆగిపోయింది. ఇప్పుడే, ఇప్పుడే, ఇంకో క్షణం ఆలోచిస్తే చెయ్యలేదు, చెయ్యి దానంతటదే బూడిద పెట్టె కిందికి పోయింది, గోరంత స్విచ్, చల్లగా, వేలికి బాగా తెలిసిన స్విచ్. ఎత్తింది.

ముప్పై.

దించి మళ్లీ ఎత్తింది. ముప్పై. మళ్లీ. ముల్లు ఉలకదు పలకదు, ఇంజను అదే గొణుగుడు, పొద్దున బానే ఉండాలే, పొద్దున పొగమంచులో అసలు ముట్టుకోలేదు కదా, నిన్న, నిన్న సాయంత్రం బానే ఉంది, టిక్ టిక్ టిక్ టిక్, పక్కన అమ్మ కూర్చుని ఉందన్న సంగతే మర్చిపోయి ఆ స్విచ్‌ని కొట్టి కొట్టి వదిలిపెట్టింది.

"పని చెయ్యదు," అంది అమ్మ. "మీ నాన్న రాత్రి వైరు కోసేశాడు."

జేబులోంచి చెయ్యి బయటికి వచ్చింది. కొట్టు రసీదు కాదు, సిగరెట్ పెట్టెంత కాగితం, నలిగి నలిగి గుడ్డలా అయింది, నాన్న రాత, గ్యారేజీలో సామాన్ల డబ్బాల మీద రాసుకునే పెద్ద పెద్ద అచ్చు అక్షరాలు, స్టీరింగు పక్కన పెట్టి పట్టుకుంది అమ్మ. 'ఎపాలో దొంగ స్విచ్ ఉంది. కోసేశాను. నువ్వు మాట్లాడు. నాకు ఎలా మాట్లాడాలో తెలీదు.' పొద్దున కాఫీ గిన్నె కింద పెట్టి వెళ్లాడట. కారు రిపేరులో లేదట, ఆసుపత్రి వెనకాలే ఉందట, మాట్లాడదామని ఎక్కిందట. ఆకలేస్తోందా అనీ, లెక్కల టీచరనీ, మంచు అనీ పన్నెండు కిలోమీటర్ల పాటు దేవులాడింది దీనికోసమా! "నాకూ తెలీలేదే ఎలా మొదలుపెట్టాలో," అంది అమ్మ, రోడ్డు వంక చూస్తూ. టిండ్రాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి. వాళ్లకి తెలుసు. రాత్రినుంచీ తెలుసు. తెలిసినా ఇల్లు అక్కడే ఉంది, చెక్కుచెదరలేదు, కాఫీ కూడా కాచారు. ఆవిడ చేతిలో ఆ కాగితం, ఇద్దరి మధ్యా టిండ్రా లేకుండా వెళ్లిన మొదటి టపా.

"అమ్మా, మైకెన్!" అంతే, ఆ పేరు బయటపడగానే మిగిలిందంతా తనే దొర్లుకుంటూ వచ్చేసింది, క్వారీ, ఏడింటికి పందెం, మెల్కెర్ బండి, తొట్టె, పసుపు లేసులు, మూడుసార్లు కొట్టమని నేర్పింది నేనే అమ్మా, డెబ్బైలో తిప్పింది నేనే, ఫోన్ ఎత్తడం లేదమ్మా, మనం చేరేసరికి ఏడూ పదవుతుందమ్మా. ముళ్లు ఏరలేదు. ఒక్కటి కూడా ఏరలేదు. చెబుతున్నంతసేపూ ముప్పైలోనే నడుపుతోంది, రెండు చేతులూ స్టీరింగు మీద బిగించి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా. అమ్మ మొహం తెల్లబోయింది. తిట్టలేదు. ఎక్కడున్నాడు నాన్న అంది, ఇంటి దగ్గర గ్యారేజీలో, అంది టిండ్రా, అక్కణ్ణుంచి క్వారీకి అయిదు కిలోమీటర్లు, వ్యానులో అయితే అయిదారు నిమిషాలు. అమ్మ ఫోన్ తీసింది, పేరు నొక్కింది, అటు మోగుతుండగానే అలవాటు చొప్పున ఫోన్‌ని టిండ్రా చెవి దగ్గరికి చాపింది.

"నాన్నతో చెప్పు, తొందరగా!"

"నేను బండి నడుపుతున్నానమ్మా," అంది టిండ్రా. "నువ్వే చెప్పు."

ఫోన్ అక్కడే గాల్లో ఆగిపోయింది, వాళ్లిద్దరి మధ్యా. లోపలినుంచి నాన్న గొంతు, హలో, టిండ్రా, హలో, చిన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు. చెప్పు, చెప్పు, చెప్పవే తల్లీ, టిండ్రా పళ్లు బిగించింది, చెయ్యి చాపి ఫోన్ లాక్కుని తనే చెప్పెయ్యాలని భుజాలదాకా వచ్చింది, చక్కగా, మెత్తగా, ఎవరికీ గుచ్చుకోకుండా చెప్పగలదు, రెండేళ్ల అనుభవం. చాపలేదు. స్టీరింగు వదల్లేదు. ఇంత కష్టమైన పని ఎనభైలో కూడా ఎప్పుడూ చెయ్యలేదు ఆ పిల్ల.

"హాకన్," అంది అమ్మ, ఫోన్ చెవికి ఆనించుకుని. "నేను."

తర్వాత అమ్మ ఏం చెప్పిందో టిండ్రా సగమే విన్నది, చెవుల్లో రక్తం హోరెత్తుతోంది, క్వారీ అన్నది వినబడింది, మన చిన్నది అన్నది వినబడింది, మన, మన అంది అమ్మ! అటువైపు ఏదో ఇనుప సామాను నేల మీద పడ్డ చప్పుడు, కుర్చీయో జాకీయో, ఆపైన ఫోన్ ఆగిపోయింది. ఆరూ ముప్పై ఆరు. ఇంక చెయ్యడానికేం లేదు, వెళ్లడం తప్ప, ముప్పైలో. బర్చ్ చెట్లు ఒక్కొక్కటే వచ్చి ఒక్కొక్కటే వెళ్తున్నాయి, ఒక్కదాన్నీ వదలకుండా లెక్కపెట్టొచ్చు. చెరువు మీద మంచు పగిలి నల్లటి నీళ్లు కనబడుతున్నాయి. వ్యాను ఒక్కోసారి స్టార్టవదు కదా చలికి, ఇప్పుడు చలి లేదులే, మెల్కెర్ ముందే మొదలుపెట్టేస్తే, మొదలుపెట్టడు, వాడికి జనం కావాలి, జనం ఏడింటికే వస్తారు, అయినా వాడి గడియారం ఎప్పుడూ ముందే తిరుగుతుంది. మైకెన్ చిన్నప్పుడు ఊయల మీద కూడా ఇంతే, ఇంకా పైకి ఇంకా పైకి, తోసింది ఎవరు, నేనే. ఎదురుగా సైరన్‌తో ఏదో వస్తోంది, గుండె ఆగింది, కాదు, పాల లారీ, దానికి సైరన్ కూడా లేదు, తన చెవులే మోగుతున్నాయి. ఆరూ నలభై రెండు. ఆరూ నలభై నాలుగు. అమ్మ ఎడమచెయ్యి వచ్చి గేరు మీదున్న ఆమె చేతి మీద వాలింది, బరువుగా, మందుల సబ్బు వాసనతో, చిన్నప్పటినుంచీ తెలిసిన వాసన. ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు గానీ ఇది ఇంట్లో ఉండే మౌనం కాదు.

ఆరూ నలభై తొమ్మిదికి ఫోన్ మోగింది. అమ్మ చేతిలోంచి జారి టాకోల సంచిలో పడింది, పెంకులు పటపట విరిగాయి, తడుముకుని తీసి ఎక్కడో నొక్కేసరికి బండంతా మైకెన్ గొంతే, "చాడీకోరుదానా! ద్రోహీ! నువ్వు మాత్రం తిరగొచ్చు, నేను తిరక్కూడదా? అందరిముందూ వ్యాను రోడ్డుకి అడ్డం పెట్టేశాడక్కా నాన్న! చెప్పులు కూడా లేవు, మేజోళ్లతో వచ్చాడు! నన్ను ఎత్తుకుని దింపాడు, చంటిపిల్లలాగ, అందరూ ఫొటోలు తీశారు, నా పరువు పోయింది, నీతో ఇంక జన్మలో మాట్లాడను!" టిండ్రా పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. తిట్టు, తిట్టవే, ఇంకా తిట్టు, ఆ ప్రతి తిట్టుకీ ప్రాణం ఉంది, ఊపిరి ఉంది, ముక్కు చీదడం ఉంది, రెండు కాళ్లూ రెండు చేతులూ సరిగ్గా ఉన్నవాళ్లే అంత గట్టిగా తిట్టగలరు. కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. "ఆ బూట్లు నావి," అంది ఎలాగో, "కడిగి ఇవ్వు." అమ్మ మాత్రం సంచిని గుండెలకి హత్తుకుని కూర్చుంది, మిగిలిన పెంకులు కూడా నుగ్గయిపోతున్నాయని చూసుకోకుండా.

అటు ఫోన్ చేతులు మారింది. కాసేపు నాన్న ఆయాసం వినబడింది, ఆపైన గొంతు సవరించుకోవడం.

"టిండ్రా, మీ అమ్మతో చెప్పు," అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

టిండ్రా పెదవి కొరుక్కుంది, అలవాటుపడ్డ నాలుక అప్పుడే సిద్ధమైపోయింది, సరే నాన్నా చెబుతాను అనడానికి, దాన్ని పళ్ల మధ్య పట్టి ఉంచింది. ముల్లు ముప్పై దగ్గరే ఉంది. ఒక కారు దాటిపోయింది, రెండోది దాటిపోయింది.

"ఉల్రికా," అన్నాడు నాన్న. రెండేళ్లుగా ఆ పేరు ఆ గొంతులో టిండ్రా వినలేదు, తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టుంది. "కైమా ఇప్పుడే వేయించెయ్యనా, మీరొచ్చేదాకా ఆగనా?"

అమ్మ చేత్తో మొహం తుడుచుకుంది. ఎంతసేపవుతుందని కూతురి వంక చూసింది, కూతురు రోడ్డు వంక చూస్తూ మూడు వేళ్లు ఎత్తి చూపించి మళ్లీ స్టీరింగు పట్టుకుంది.

"అరగంట ఆగు," అంది అమ్మ, తనే. "ముప్పైలో వస్తున్నాం."